విదేశీ పునరావాసానికి ఎదురుచూస్తున్న రోహింగ్యా కుటుంబాలకు ఇంగ్లిష్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో ఉంటున్న, మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా శరణార్థులకు వారానికి మూడు సాయంత్రాలు ఇంగ్లిష్ నేర్పాలని మేము నలుగురం అనుకుంటున్నాము. ఐక్యరాజ్య సమితి శరణార్థి కార్డు ఉన్నవారిలో రెండు కుటుంబాలకు విదేశానికి పంపే విషయమై ఇంటర్వ్యూలు జరిగాయి. పిల్లలు ఉర్దూ ధారాళంగా మాట్లాడుతున్నారు గాని, తల్లులలో చాలామందికి ఏ భాషలోనూ చదవడం రాదు. స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకంతో ఆరు నెలల పాఠాలు పెడితే సరిపోతుందా?

మొదటి సమాధానం:
పుస్తకాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి. నేపాల్‌లోని ఝాపా, మోరంగ్ జిల్లాల శిబిరాల నుంచి భూటాన్ శరణార్థులు లక్షకు పైగా విదేశాలకు, అత్యధికంగా అమెరికాకు వెళ్లారు. శిబిరపు బడుల్లో చదివిన యువతకు ఇంగ్లిష్ కొంత వచ్చు. ఎన్నడూ పలక పట్టని పెద్దలే అక్కడికి వెళ్లాక ఎక్కువ అవస్థపడ్డారు. ప్రయాణానికి ముందు జరిపే అవగాహన తరగతులు కొద్ది రోజులవే, అవీ భాష కోసం ఉద్దేశించినవి కావు. కాబట్టి పెన్సిల్ పట్టడం, తన పేరు, పుట్టిన తేదీ రాయడం, ‘థర్టీన్’కూ ‘థర్టీ’కీ తేడా చెవితో పట్టుకోవడం ముందు నేర్పండి.

రెండవ సమాధానం:
ఆరు నెలల లెక్క గురించి ఒక మాట. 1980లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో తెరిచిన కేంద్రంలో వియత్నాం, లావోస్, కంబోడియా శరణార్థులకు నెలల తరబడి ఇంగ్లిష్ నేర్పిన తరువాతే అమెరికాకు పంపేవారు గనుక అక్కడ వరుస పాఠాలు సాధ్యమయ్యాయి. మీ దగ్గర ఎవరు ఎప్పుడు బయలుదేరుతారో తెలియదు కనుక ఏ రోజు పాఠం ఆ రోజుకే పూర్తి కావాలి. ఇంకొకటి, ఇది చిన్న విషయం కాదు: దుబాసీ కావాలని అడిగేటప్పుడు తమ భాష పేరు ‘రోహింగ్యా’ అని స్పష్టంగా చెప్పడం వారికి అలవాటు చేయించండి. కాగితాల్లో దేశం మయన్మార్ అని చూసి బర్మీస్ దుబాసీని పిలిస్తే, ఆ తల్లి తన బిడ్డ జబ్బు ఎలా చెప్పుకోగలదు?

మూడవ సమాధానం:
భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. పునరావాసానికి ఎవరిని తీసుకోవాలన్నది చివరకు స్వీకరించే దేశమే నిర్ణయిస్తుంది. తరగతికి వస్తే అవకాశం పెరుగుతుందన్న భ్రమ కలగనివ్వకండి, హాజరు పట్టీ చూపించి ఎవరికీ ఏ హామీ ఇవ్వకండి.

ప్రశ్న అడిగినవారు:
హాజరు పట్టీ ఆలోచన మానుకున్నాము. సాయంత్రం వంట వేళ కాబట్టి తల్లులకు మధ్యాహ్నం వేరే తరగతి పెడుతున్నాము. ఉర్దూ బాగా వచ్చిన ఇద్దరు అమ్మాయిలు అర్థం చెప్పడానికి ఒప్పుకున్నారు.