యూనిట్ కాంగేయం వెళ్లిపోయింది, కాయ ఇక్కడే కాస్తోంది

వైనతేయ గట్టు:
మాది అంబాజీపేట దగ్గర పల్లె. మా అమ్మ పద్నాలుగేళ్లు ఒక ఎండు కొబ్బరి యూనిట్‌లో పనిచేసింది. కాయ పగలగొట్టడం, చిప్పలు ఎండలో పరవడం, మబ్బు పడితే పరుగెత్తి ఎత్తడం, అంతా ఆడవాళ్లే చేసేవారు. ముప్ఫై మంది దాకా ఉండేవారు. పోయిన దసరా వెళ్లాక యజమాని మిషన్లు ఊడదీయించి తమిళనాడులో కాంగేయం పట్టుకెళ్లిపోయారు. ఇప్పుడు మా ఊరి కాయ ఒలుపు అయిపోగానే లారీ ఎక్కుతోంది.

తోట ఉన్నవాళ్లకి ఏ లోటూ లేదు, వెయ్యి కాయలకి ఇంత అని డబ్బు వస్తూనే ఉంది. అమ్మకి మాత్రం వారంలో మూడు రోజులు కూడా పని దొరకట్లేదు. పరిశ్రమ ఖర్చు తక్కువ ఉన్నచోటికి పోతుందని, దాంతో ప్రాంతాల మధ్య తేడా మెల్లగా తగ్గుతుందని డిగ్రీలో చదివాను. మా వీధిలో తేడా పెరిగింది. పైగా పచ్చి కాయతో పాటు నీళ్లూ చిప్పా కూడా దాదాపు వెయ్యి కిలోమీటర్లు మోసుకుపోతున్నారు. అంత కిరాయి పెట్టినా వాళ్లకి ఎలా గిట్టుబాటవుతోంది?

పాత వర్తకుడు:
అమ్మా, ఇరవై ఏళ్లుగా కాయ వ్యాపారంలో ఉన్నాను. అసలు సంగతి ఎండ. పచ్చి కొబ్బరిలో సగం దాకా తేమే. దాన్ని ఆరు శాతానికి దించితేనే నిల్వ ఉంటుంది. కాంగేయం వాన తక్కువ మెట్ట ప్రాంతం. అక్కడ పెద్ద పెద్ద కళ్లాల్లో పరిచి, ఇంచుమించు ఏడాది పొడుగునా ఆరబెట్టుకుంటారు. మనకి జూన్‌లో వానలు మొదలవుతాయి, అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల టెన్షన్. రెండు రోజులు ముసురు పట్టిందా, బూజు వస్తుంది, మిల్లువాడు రేటు కోసేస్తాడు. డెల్టాలో కళ్లానికి రెండెకరాలు కొనాలంటే ఎంతవుతుందో మీకూ తెలుసు. అక్కడ నూనె మిల్లులు, మెకానిక్కులు, సరుకు కొనేవాళ్లు అంతా ఒకేచోట ఉంటారు. ఇక్కడ మోటారు కాలితే రాజమండ్రి పరుగెత్తాలి. అవన్నీ లెక్కేస్తే లారీ కిరాయి చిన్నదైపోతుంది.

మనకి మిగిలింది కురిడీ, అంటే కాయలోనే ఎండిన గుండు కొబ్బరి. కాయని అటక మీద పది, పన్నెండు నెలలు ఉంచి, ఉత్తరాదికి పంపాలి. ఏడాది పాటు డబ్బు ఇరుక్కుపోయినా తట్టుకోగలిగినవాడే ఆ పని చేయగలడు. మీ అమ్మగారిలాంటి వాళ్లకి అందులో దొరికేది చివర్లో చిప్ప కొట్టే పని ఒక్కటే.

కోటిపల్లి రేవు:
రైలు సంగతి కూడా చూడాలి. కాకినాడ–కోటిపల్లి పట్టాలు రెండో ప్రపంచ యుద్ధంలో పీకేశారు, 2004లో గానీ మళ్లీ రైలు నడవలేదు. అమలాపురం మీదుగా నరసాపురం లైన్ 2000–01లో మంజూరైంది. చిన్నప్పుడు విన్నాను, ఇప్పుడు నా కొడుకు వింటున్నాడు. రైలు లేని చోట మిల్లు పెట్టమంటే ఎవరు పెడతారు?

పీచు అక్క:
పాత వర్తకుడు గారు చెప్పింది నిజమే కానీ ఒకటి వదిలేశారు. కాయ ఒలిచాకే వెళ్తోంది, డొక్క, అంటే పైన పీచు తొక్క, ఇక్కడే పడుంటోంది. డొక్క తేలిక, చోటు ఎక్కువ పడుతుంది. దూరం మోస్తే కిరాయికే సరిపోతుంది కాబట్టి దాన్ని ఎవరూ కాంగేయం పట్టుకెళ్లరు. మా డ్వాక్రా గ్రూపు ఆ డొక్క మీదే పీచు, తాడు పని చేస్తోంది. పదకొండు మందిమి. కూలి మీ యూనిట్‌లో వచ్చినంత రాదు, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ ఈ పని ఊరు దాటి పోదు.

వైనతేయ గట్టు:
అందరికీ దండాలు. కిరాయి లెక్క ఇప్పుడు అర్థమైంది. కాంగేయం వాళ్ల మీద నాకు కోపం లేదు, ఎండిపోయిన నేలకి పని దొరికింది. నా బాధ వేరే. యూనిట్ పోయినప్పుడు పంచాయతీలో ఎవరూ నోరెత్తలేదు, ఎందుకంటే అక్కడ కూర్చున్నవాళ్లందరికీ తోటలున్నాయి. అమ్మతో పనిచేసిన ఇద్దరు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లారు. నలుగురు తెల్లవారుజామున వ్యాన్ ఎక్కి రొయ్యలు ఒలవడానికి పోతున్నారు. అమ్మకి మోకాళ్ల నొప్పి, ఆ చల్లటి నీళ్లలో నిలబడలేదు.

అక్కా, మీది ఏ ఊరు? ఆదివారం అమ్మని తీసుకొస్తాను. తాడు పని కూర్చుని చేసేదేనా?

పీచు అక్క:
కూర్చునే చేస్తాం. మధ్యాహ్నం రండి, భోజనం ఇక్కడే. ఊరి పేరు విడిగా మెసేజ్ పెడతాను.