షిప్పుల్లో విశ్రాంతి గంటల గురించి నిజం రాబట్టేదెలా?

నమస్తే. విశాఖలో మెరైన్ కోర్సు ఫైనలియర్ చదువుతున్నాను. షిప్పుల్లో విశ్రాంతి గంటలను సాఫ్ట్‌వేర్‌లో నమోదు చేయడం మీద ప్రాజెక్టు చేస్తున్నాను. రూలు ప్రకారం 24 గంటల్లో కనీసం 10, ఏడు రోజుల్లో 77 గంటల విశ్రాంతి ఉండాలి. ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి విడదీయకూడదు, అందులో ఒకటి 6 గంటలకు తగ్గకూడదు. తేడా వస్తే సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది. సెకండాఫీసర్‌గా చేసే మా బాబాయి చెప్పేదేంటంటే, పోర్టులో సరుకు దించే రోజుల్లో ఆ ఎరుపు పోయేదాకా అంకెలు సర్దేస్తారట! కాగితం మీద రాసే రోజుల్లోనూ ఇదే కథట.

నా సర్వేకి 14 మంది జవాబిచ్చారు. అందరూ "అంతా సక్రమమే" అన్నారు. పేరు, కంపెనీ అడగకపోయినా ఇంతే. షిప్పుల్లో చేసిన అన్నలూ, అక్కలూ, ఎలా అడిగితే మీరు ఉన్నదున్నట్టు చెప్తారు? "మీరు" అనకుండా "మీ షిప్పులో ఎవరైనా" అంటే నయమా? వచ్చే నెలే సబ్మిట్ చేయాలి, టెన్షన్‌గా ఉంది.