శ్రీకాకుళం జామియా మసీదు ఫొటో తీస్తే మీనార్లు ఒరిగిపోతున్నాయి, ఏటి చెయ్యాలి?

నాగావళి_గట్టు:
మొన్న ఆదివారం సాయంత్రం 18-55 జూమ్ లెన్సుతో ఎల్లాను. దగ్గర నిలబడి కెమెరా పైకెత్తి తీస్తే మీనార్లు లోపలికి ఒరిగాయి, తెల్లగోడ బూడిదరంగులో వచ్చింది. కుతుబ్‌షాహీల ఫౌజుదారు (ఇక్కడి పాలన చూసిన సైనికాధికారి) షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మసీదు. మన ఊరిది ఇంత నీరసంగా కనబడితే మనసొప్పడం లేదు.

ఆమదాలవలస_అన్న:
తమ్ముడూ, ఎల్లిన వేళే తప్పు. మనకి మక్కా పడమర, కాస్త ఉత్తరం వైపు. అంచేత మసీదు ముఖం తూర్పుకి ఉంటుంది. సాయంత్రం పొద్దు దాని వెనకుంటుంది, నువ్వు తీసింది నీడనే. పొద్దున్న ఎల్లు. మరీ ఉదయాన్నే ఎండ సూటిగా కొట్టి బొమ్మ చదునవుతుంది. చలికాలంలో తొమ్మిది దాటాక సూర్యుడు దక్షిణానికి జరిగి వెలుగు ఏటవాలుగా పడుతుంది, తోరణాల లోతు అప్పుడు తెలుస్తుంది.

విజినారం_కోట:
మా గంటస్తంభమూ నాకు ఇలాగే ఒరిగింది. లెన్సు లోపం కాదు, కెమెరా పైకెత్తడం వల్లే. వీధి చివరిదాకా వెనక్కి నడిచి కెమెరా సమంగా పట్టుకో. నేల ఎక్కువొస్తే తర్వాత కత్తిరించుకోవచ్చు. ఎదురుగా డాబా దొరికితే ఇంకా మేలు. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు తెల్లగోడనీ నడిమి బూడిదరంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (బొమ్మ వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) +0.7 నుంచి +1 దాకా పెట్టు. హిస్టోగ్రామ్ (తెర మీద వెలుగునీడల గ్రాఫు) కుడి అంచుకి తగలకుండా చూసుకో, తగిలితే తెలుపులో వివరాలు పోతాయి.

మసీదు_వీధి:
ఫజర్ నమాజు పొద్దు పొడవకముందే అయిపోతుంది, జొహర్ మధ్యాహ్నం. నడుమ జనం తక్కువ. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దండి. ముందు ఇమామ్ గారికో కమిటీ పెద్దలకో చెప్పండి. నమాజు చేసేవాళ్ళ ముందు నుంచి నడవొద్దు. వజూ చేసుకుంటున్న (నమాజుకి ముందు ముఖం, కాళ్ళుచేతులు కడుక్కుంటున్న) వారి మీదకి లెన్సు తిప్పకండి. ఒకసారి ఎవరో అడక్కుండా మా తాతగారిని అలాగే తీసి నెట్‌లో పెట్టేశారు. ఆయన చాలా నొచ్చుకున్నారు.

నాగావళి_గట్టు:
ఇవాళ తొమ్మిదింబావుకి, అడిగే తీశాను. +0.7 సరిపోయింది, మీనార్లు నిలువుగా నిలబడ్డాయి! అక్కడి పెద్దాయన కెమెరా తెర చూసి "గుమ్మటం కొస తెగిపోయింది బాబూ" అన్నారు. నిజమే. పదడుగులు వెనక్కేసి మళ్ళీ తీశాను. కరెంటు తీగలు అడ్డొచ్చాయి, చెరిపెయ్యనా?

మసీదు_వీధి:
ఉంచెయ్యండి. మేం రోజూ చూసే మసీదు ఆ తీగలతోనే ఉంటుంది.

ఆమదాలవలస_అన్న:
ఆ పెద్దాయనకి ఒక ప్రింటు తీసి పట్టుకెళ్ళు తమ్ముడూ.