లండన్ - పారిస్ రైలుకి ఇంకో కంపెనీ వస్తాందంట, రేట్లు తగ్గుతాయా? 30 ఏళ్ళుగా ఎవరూ ఎందుకు రాలేదు?

అలిపిరి_మెట్లు:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. అక్కా బావా లండన్‌లో లేటన్ అనే ఏరియాలో ఉండారు, మే నెలలో అమ్మని తీసుకోని పోతాండా. పోయినాక పారిస్ కూడా రెండ్రోజులు చూసొద్దామని ప్లాన్, విమానం వద్దు సముద్రం కింద పోయే రైలే కావాలని అమ్మ పట్టు పట్టింది (ఘాట్ రోడ్డు మలుపుల్లో కళ్ళు మూసుకోని గోవిందా గోవిందా అనే మనిషి, సముద్రం కింద మాత్రం పర్వాలేదంట). ఆ రూట్లో యూరోస్టార్ ఒక్కటే నడస్తాదని, ఇప్పుడు వర్జిన్ అనే బ్రిటన్ కంపెనీ వాళ్ళకి కూడా ఏదో పర్మిషన్ వచ్చిందని చదివినా. టన్నెల్ తెరిచింది 1994లో, ఇన్నేళ్ళు ఇంకొకడు రాకుండా ఎట్ట ఉండాడు? మన తిరుపతి - బెంగుళూరు రోడ్డు మీద లెక్కలేనన్ని ట్రావెల్స్ తిరగతాండాయి కదా, ఆడ రైలుకి ఏమడ్డం? ఇంకొన్నాళ్ళు ఆగి పోతే టికెట్ తగ్గుద్దా?

తోతాపురి:
నేను చిత్తూరోణ్ణే, లండన్ వచ్చి తొమ్మిదేళ్ళు. ఆగితే అంటే ఎన్నాళ్ళు ఆగతావు తమ్ముడూ, వర్జిన్ వాళ్ళు మొదలుపెడతామంటాండేదే 2030లో. 2025 అక్టోబర్ 30న ఇక్కడి రైల్ రెగ్యులేటర్ వాళ్ళకి ఓకే చెప్పింది నిజమే, కానీ అది రైలు నడపడానికి కాదు, టెంపుల్ మిల్స్ అని ఒక డిపో ఉంది, దాన్ని వాడుకోడానికి. ట్రాక్ మీద టైమింగ్స్, టన్నెల్ వాళ్ళతో అగ్రిమెంటు, సేఫ్టీ సర్టిఫికెట్లు అన్నీ ఇంకా తెచ్చుకోవాల. ఇటలీ వాళ్ళ ట్రెనిటాలియా, ఎవోలిన్, జెమిని అని ఇంకో ముగ్గురు కూడా అదే డిపో అడిగినారు, ఉన్న జాగా ఒక్కడికే సరిపోతాదని మిగతా వాళ్ళకి లేదన్నారు.

టన్నెల్ మాత్రం ఎవడి సొంతం కాదు అనుకోవద్దు, అది గెట్‌లింక్ అనే కంపెనీ చేతిలో ఉంది, 2086 దాకా వాళ్ళదే హక్కు. ఎంత మంది కొత్తోళ్ళు వస్తే వాళ్ళకి అంత సంతోషం, టోల్‌గేటోడికి బండి ఎవరిదైతే ఏమి. చట్టంలో కూడా ఎప్పట్నుంచో తలుపు తెరిచే ఉంది, లోపలికొచ్చి నిలబడే చోటే లేదు.

లీలామహల్_సర్కిల్:
ఒక డిపో కోసం నలుగురు కొట్టుకోడం ఏందబ్బా, ఊరి బయట నాలుగెకరాలు కొని షెడ్డు వేసుకుంటే అయిపోతాది కదా, అంత డబ్బున్నోళ్ళు

పిట్‌లైన్_తాత:
బాబూ, నేను రైల్వేలో సి అండ్ డబ్ల్యూలో (బోగీలు, వ్యాగన్లు బాగుచేసే విభాగం) ముప్పైనాలుగేళ్ళు చేసి రిటైర్ అయినోణ్ణి, రేణిగుంటలో ఉంటాను. షెడ్డు వేసుకోడం అంటే కారుకి రేకుల పందిరి వేసినట్టు కాదు. బండి ప్లాట్‌ఫాం మీద కనిపించేది అరగంటే, ఆ అరగంట కోసం మిగతా టైమంతా పిట్ లైన్ మీద మేము దాని కింద దూరి బ్రేకులు, చక్రాలు, స్ప్రింగులు చూసుకుంటాం, నీళ్ళు పడతాం, కక్కసులు కడుగుతాం. పిట్ ఖాళీ లేకపోతే కొత్త బండి ఇవ్వలేరు, ఇది మన దగ్గరా అంతే. తిరుపతి నుంచి ఫలానా ఊరికి బండి కావాలని అందరూ అర్జీలు పెడతారు, ఆ రేక్ రాత్రికి యాడ పడుకుంటాది అని అడిగినోణ్ణి నా సర్వీసులో నేను చూళ్ళేదు.

పైగా ఆ బండి పొడవు 400 మీటర్లు, మన 16 బోగీల వందే భారత్ 384 మీటర్లు కదా, దానికన్నా రవ్వంత ఎక్కువ. అంత పొడుగు పిట్, అదీ ఫ్రాన్స్ కొలతల్లో కట్టిన హైస్పీడ్ లైనుకి ఆనుకోని ఉండాల. ఇంగ్లండు పాత లైన్లు ఇరుకు, ఆ వంతెనల కింద యూరప్ సైజు పెద్ద బోగీలు పట్టవు, కాబట్టి ఊరవతల ఎక్కడో షెడ్డు కట్టి పాత పట్టాల మీద లాక్కోని వస్తామంటే కుదరదు. నాకు ఈ సంగతులన్నీ ఆసక్తి, మనవడు ట్యాబ్‌లో వీడియోలు పెట్టిస్తాడు.

తోతాపురి:
తాతగారు చెప్పింది నూటికి నూరు కరెక్ట్. టన్నెల్ నుంచి లండన్ దాకా ఉండే ఆ కొత్త లైను 2007లో పూర్తయింది, అప్పట్నుంచి పారిస్ రెండుంపావు గంటలే, స్టేషన్ కూడా వాటర్లూ నుంచి సెయింట్ పాంక్రస్‌కి మారింది. డిపో కూడా అప్పటిదే.

ఇంకో అడ్డం పాస్‌పోర్టు. ఇక్కడ రైలెక్కక ముందే లండన్ స్టేషన్లోనే ఫ్రాన్స్ పోలీసులు పాస్‌పోర్టు చూస్తారు, వచ్చేటప్పుడు పారిస్‌లోనే బ్రిటన్ వాళ్ళు చూస్తారు. అంటే ప్రతి స్టేషన్లోనూ వాళ్ళకి కౌంటర్లు, వెయిటింగ్ హాలు, స్కానర్లు ఉండాల. సెయింట్ పాంక్రస్ హాలు ఇరుకు, దానికి తోడు 2025 అక్టోబర్ నుంచి యూరప్ వాళ్ళు వేలిముద్రలూ ఫోటో తీసే కొత్త పద్ధతి మొదలుపెట్టినారు. మన వైకుంఠం క్యూ కాంప్లెక్స్ గుర్తు చేసుకో, బయట ఎన్ని బస్సులు పెంచినా కంపార్ట్‌మెంట్లో పట్టేది పట్టినంతే. యాష్‌ఫర్డ్, ఎబ్స్‌ఫ్లీట్ అని దారిలో రెండు స్టేషన్లలో దీనికోసమే ప్లాట్‌ఫాంలు కట్టినారు, 2020 నుంచి ఆడ పారిస్ రైలు ఆగడమే లేదు.

జర్మనీ రైల్వే వాళ్ళు కూడా 2010లో వాళ్ళ బండిని సెయింట్ పాంక్రస్ దాకా తెచ్చి అందరికీ చూపించినారు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్ నడుపుతామని. ఫోటోలు బాగా వచ్చినాయి, రైలు మాత్రం రాలా.

పిట్‌లైన్_తాత:
దానికి టన్నెల్ రూల్సు కూడా ఒక కారణం బాబూ. లోపల రెండు రైలు గొట్టాల మధ్యలో చిన్న సర్వీస్ గొట్టం ఉంటాది, 375 మీటర్లకి ఒక అడ్డదారి. నిప్పంటుకుంటే జనం బోగీల్లో నడిచి ఆ తలుపు దగ్గరికి రావాల, అందుకే అంత పొడుగు బండి ఒకే ముక్కగా ఉండాలని మొదట్లో పట్టుబట్టినారు. జర్మనీ బండి 200 మీటర్లది రెండు కలిపేది, దీంట్లోనుంచి దాంట్లోకి నడవలేరు. ఆ రూలు తర్వాత సడలించినారులే. అయినా ఆ లైనుకి బండి చేయించడమంటే కరెంటు వేరు, సిగ్నలు వేరు, దేశానికో రకం, అన్నీ ఒకే బండిలో పెట్టాల.

లీలామహల్_సర్కిల్:
సరే తాతా ఒప్పుకున్నా. కానీ ఇద్దరొస్తే రేటు తగ్గుద్ది అనేది మాత్రం నేను నమ్మను. మొన్న సంక్రాంతికి బెంగుళూరు నుంచి రావాలని చూస్తే ట్రావెల్స్ యాప్‌లో అరవై బస్సులు, అందరూ ఒకే మాట మీద ఉన్నట్టు రేటు మూడింతలు, చివరికి ఎక్కిన బస్సు ఏసీ పలమనేరు దగ్గర ఆగిపోయింది, అడిగితే కిటికీ తీసుకోమన్నాడు, ఆ కిటికీ తెరుచుకోదు. పోటీ అంట పోటీ

తోతాపురి:
హహ, పండగ లెక్క వేరు బ్రో. స్పెయిన్ చూడు, మాడ్రిడ్ - బార్సిలోనా లైన్లో ప్రభుత్వ రెన్ఫే ఒక్కటే ఉండేది, 2021లో ఫ్రాన్స్ వాళ్ళ ఊయిగో, 2022లో ఇర్యో వచ్చినాయి, టికెట్లు బాగా దిగినాయి, రెన్ఫే కూడా అవ్లో అని చీప్ రైలు పెట్టింది. ఇటలీలో 2012 నుంచి ఇటాలో ఉంది, ఇప్పటికీ నడస్తాంది. కాకపోతే అక్కడ పాస్‌పోర్టు గోల లేదు, సముద్రం లేదు. ఇక్కడ టన్నెల్ వాడు ప్రయాణికుడి తలకింత అని తీసుకుంటాడు, అది ఎవడు నడిపినా కట్టాల్సిందే, కాబట్టి స్పెయిన్ అంత దిగుద్దని నేనూ అనుకోడంలా. యూరోస్టార్ కూడా ఊరికే కూర్చోలా, డబుల్ డెక్కర్ రైళ్ళు ఆర్డర్ పెట్టింది, 30 ఖాయం, కావాలంటే ఇంకో 20, 2031 నుంచి వస్తాయంట.

అలిపిరి తమ్ముడూ, నువ్వు మాత్రం వర్జిన్ కోసం ఆగొద్దు. టికెట్ ఎంత ముందు తీస్తే అంత తక్కువ, మంగళవారం బుధవారం చూడు. అన్నిటికన్నా ముందు షెంగెన్ వీసా, యూకే వీసాతో ఫ్రాన్స్ పోనీరు, ఇద్దరికీ విడిగా అప్లై చెయ్యాల. ఇంకోటి, మీ అక్క వాళ్ళుండే లేటన్‌లోనే ఆ టెంపుల్ మిల్స్ డిపో.

అలిపిరి_మెట్లు:
అన్నా నిజంగానా?? అక్కకి ఇప్పుడే ఫోన్ చేసినా, ఏదో పెద్ద రైలు షెడ్డు ఉంటాది, మాకేం తెలుసు అనింది. వీసా సంగతి చెప్పినందుకు చాలా థాంక్స్, ఒకటే చాలనుకున్నా. అమ్మకి 2030 అని చెప్తే అప్పటికి నా మోకాళ్ళు ఉంటాయా అనింది, మేలోనే పోతాం.

పిట్‌లైన్_తాత:
బాబూ, ఆ షెడ్డు పక్కన రోడ్డు వంతెన ఏదన్నా ఉంటే పైనుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు. బండిది కాదు, బండి ఫోటోలు బోలెడుండాయి. కింద పిట్ కనపడేటట్టు తియ్యి.