నేవీ ఓడలకి లైట్ల రూల్స్ వర్తించవా?

బీచ్‌రోడ్_వాకర్ (రాత్రి 9:12)
నిన్న రాత్రి మా టెర్రస్ మీంచి చూస్తుంటే పెద్ద ఓడ ఒకటి బయటికి పోతోంది, మీద తెల్ల లైట్లు రెండూ దాదాపు అంటుకుపోయి ఉన్నాయి. మా బావ చూసి "అది నేవీది, వాళ్ళకి లైట్ల రూల్స్ ఉండవు" అన్నాడు. నిజమేనా? నిజమైతే మరీ అన్యాయం కదా. 2024 నవంబర్‌లో గోవా వైపు సబ్‌మెరైన్, మార్తోమా అనే చేపల బోటు గుద్దుకుని ఇద్దరు మత్స్యకారులు పోయారు కూడా.

సెకండ్‌మేట్ (9:31)
మీ బావగారు సగమే చెప్పారు. ఓడలు గుద్దుకోకుండా పెట్టిన 1972 అంతర్జాతీయ రూల్స్ (1977 జులై నుంచి అమల్లో ఉన్నాయి) యుద్ధనౌకలకీ వర్తిస్తాయి. 50 మీటర్లు ఆపైన పొడవున్న మర ఓడకి (ఇంజిన్‌తో నడిచేది) రెండు మాస్టు లైట్లు, అంటే స్తంభం మీది తెల్ల లైట్లు, ఉండాలి, వెనకది ముందుదానికంటే కనీసం నాలుగున్నర మీటర్లు ఎత్తులో, రెంటి మధ్య ఓడ పొడవులో సగం దూరం, 100 మీటర్లు మించక్కర్లేదు. చీకట్లో ఆ రెండు తెల్ల లైట్లని బట్టే ఓడ ఎటు తిరిగుందో పోల్చుకుంటాం. ఒకదాని కింద ఒకటి నిలువుగా వచ్చాయంటే అది మన మీదికే వస్తున్నట్టు. ఇప్పుడు ఐఎన్ఎస్ విశాఖపట్నం సైజు యుద్ధనౌక తీసుకోండి, 163 మీటర్లు. లెక్క ప్రకారం 80 మీటర్ల పైన దూరం కావాలి. ముందు తుపాకీ, మధ్యలో రాడార్లు, వెనక హెలికాప్టర్ డెక్కు, ఇంకో స్తంభం ఎక్కడ పాతుతారు? అందుకే రూల్ 1(ఇ) ఉంది. ఓడ కట్టిన తీరు వల్ల కుదరకపోతే ఆ దేశ ప్రభుత్వం చూసి, కుదిరినంత దగ్గరగా పాటించమంటుంది. లైట్ల సంఖ్య, చోటు, ఎంత దూరం కనపడాలి, ఎంత కోణంలో కనపడాలి, వీటిలోనే సడలింపు. ఆర్పేసుకోమని ఎక్కడా లేదు.

మాజీ_నావికుడు (9:40)
కరెక్ట్. అది మినహాయింపు కాదు, ముందు ఆ మాట మార్చండి టైటిల్లో. గోవా కేసుని దీనికి ముడిపెట్టకండి.

బీచ్‌రోడ్_వాకర్ (9:43)
టైటిల్లో మినహాయింపు అని లేదు సార్

మాజీ_నావికుడు (9:44)
అర్థం అదే వస్తోంది.

సరంగుగారబ్బాయి (10:05)
పేరు ఏదైతే ఏటి సార్. చీకట్లో మాకు కనపడేది లైటే, మీ సడలింపు సర్టిఫికెట్ కనపడదు. మూడేళ్ళ కింద మా అయ్య వల లాగుతున్నాడు రాత్రి రెండింటికి, దూరంగా ఒక్కటే తెల్ల లైటు, ఏదో చిన్న బోటులే అనుకున్నారు. కాసేపటికి చూస్తే గోడంత ఓడ. ఏ షిప్పో, ఎవరిదో ఈరోజుకీ తెలీదు. సడలింపు ఉన్న ఓడో లేనిదో మేం ఎలా కనుక్కోవాలి?

మాజీ_నావికుడు (10:19)
తమ్ముడూ, ఒక్క తెల్ల లైటుంటే నేవీ అని రుజువేంటి? సరుకు ఓడలో బల్బు పోయుండొచ్చు. పైగా నేను ఇరవై ఏళ్ళు బ్రిడ్జి (ఓడ నడిపే గది) మీద నిలబడ్డాను, మీ బోట్ల సంగతి నాకు తెలీదా. రూల్ ప్రకారం ట్రాలింగ్ చేసే (వల ఈడ్చుకుంటూ వేటాడే) బోటుకి పైన ఆకుపచ్చ, కింద తెలుపు ఉండాలి. ఉంటాయా? పెళ్ళి పందిట్లో కట్టే ఎల్ఈడీ తోరణాలు, ఎరుపు నీలం తళుక్కుతళుక్కుమంటూ. అందులో ఏది ముందు ఏది వెనక? బోటు వల వేసిందా, లంగరేసిందా, నిద్రపోతోందా? ఆపైన మమ్మల్ని అడుగుతారు.

కాజాకాకినాడ (10:22)
నిద్రపోతోందా 😂😂

సెకండ్‌మేట్ (10:37)
తోరణాల మాట నిజమే, నేనూ చాలాసార్లు తిట్టుకున్నాను. కానీ అసలు ప్రశ్న వదిలేస్తున్నాం. విమానవాహక నౌకల్లో మాస్టు లైట్లు మధ్యగీత మీద ఉండవు, కుడివైపు ఐలాండ్ (డెక్కు పక్కన లేచిన కట్టడం) మీదుంటాయి, మధ్యలో పెడితే విమానం ఎక్కడ దిగుతుంది? సబ్‌మెరైన్ అయితే ఇంకా కష్టం, లైట్లు చాలామటుకు ఆ నడిమి టవర్ దగ్గరే, అదీ నీటికి చాలా దగ్గరగా. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ కురుసురాని ఒకసారి చివర్నించి చివరికి నడిచి చూడండి, 91 మీటర్లు, దూరం నుంచి దాన్ని ఏ యాభై అడుగుల బోటనో అనుకోవడం ఎంత తేలికో తెలుస్తుంది. అందుకే కొన్ని దేశాల సబ్‌మెరైన్లు మిణుకుమిణుకుమనే పసుపు లైటు అదనంగా వేస్తాయి. అమెరికా వాళ్ళయితే ఏ యుద్ధనౌకకి ఏ సడలింపో, ఎన్ని మీటర్ల తేడానో పట్టికలు వేసి అచ్చేస్తారు.

సరంగుగారబ్బాయి (10:41)
ఆ పట్టీ సముద్రంలో ఎవుడు చదువుతాడు సార్

మాజీ_నావికుడు (10:52)
లైట్లు సరిగ్గా ఉన్నా గుద్దుకుంటారు. 2018లో ట్యాంకర్‌తో గుద్దుకున్న నార్వే ఫ్రిగేట్ (యుద్ధనౌక) హెల్గే ఇంగ్‌స్టాడ్ లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ట్యాంకర్ సోలా టీఎస్ డెక్కు మీద ఫ్లడ్ లైట్లు వేసుకుని వస్తుంటే అందులో దాని నావిగేషన్ లైట్లు కలిసిపోయాయి, వాళ్ళు అదేదో ఒడ్డున కదలకుండా ఉన్నదనుకున్నారు. చూశారా, తప్పు ఎవరిది?

సెకండ్‌మేట్ (11:01)
అదే కేసులో ఫ్రిగేట్ ఏఐఎస్‌లో (ఓడ పేరు, చోటు చుట్టుపక్కల ఓడలకి రేడియోలో చెప్పే పరికరం) సిగ్నల్ పంపడం లేదు, అది చెప్పలేదే మీరు. అవతలి వాళ్ళ స్క్రీన్ మీద పేరు లేదు, మొదట్లో ఆ ఓడెవరో వాళ్ళకి తెలీలేదు. చివరికి మునిగింది ఫ్రిగేటే.

మాజీ_నావికుడు (11:04)
యుద్ధనౌక ఏఐఎస్ వేసుకుని ఊరేగాలా? దేశ రక్షణ అంటే తమాషా కాదు. ఒడ్డున కూర్చుని కీబోర్డు మీద అందరూ కెప్టెన్లే.

సరంగుగారబ్బాయి (11:20)
నేను ఒడ్డున కూర్చోలేదు సార్, పదో తరగతి సెలవుల్నించి వేటకెళ్ళినోణ్ణి. మీరు బల్బు అంటారు, ఆయన కోణం అంటారు. నా గోల అది కాదు. ఆ రాత్రి ఏం జరిగిందో పూర్తిగా చెప్తాను. మా అయ్యకి మాస్టు లైట్ల లెక్క తెలీదు, కానీ ఒకటి తెలుసు, ఓడకి చెరో పక్కనుండే ఎరుపూ పచ్చా రెండూ ఒకేసారి కనపడితే ముక్కు మన మీదుంది. ఒక్క రంగే ఉంటే పక్కనించి పోతాది. ఆ రోజు రెండూ కనపడ్డాయి. వించి (వల తాడు లాగే యంత్రం) పక్కన గొడ్డలి ఉంటాది ఎప్పుడూ, తీసి వల తాడు రెండు దెబ్బల్లో నరికేసి ఇంజిన్ తిప్పాడు. ఓడ పక్కనించి పోయింది, దాని అలకి బోటు సగం పడుకుంది. ఏడుగురూ బతికారు. ఒడ్డుకొచ్చి ఫిర్యాదు కాగితం పెడితే ఆఫీసాయన అడిగింది ఒక్కటే, "గుద్దిందా?" లేదన్నాడు. "వల ఎవరు కోశారు?" నేనే అన్నాడు. "మరి నష్టం నువ్వు చేసుకున్నదే కదా." అయిపోయింది. గుద్దుంటే కేసయ్యేది, తప్పుకున్నాం కాబట్టి మాకు సాక్ష్యం లేదు. ఇప్పుడు చెప్పండి, అక్కడ లైటు ఎన్ని మీటర్ల దూరంలో ఉంటే మాకేటి?

కాజాకాకినాడ (11:24)
🙏

సెకండ్‌మేట్ (11:38)
వల వేసిన బోటుకి మర ఓడ దారివ్వాలి, రూల్ 18. నేవీ అయినా సరుకు ఓడైనా అంతే, ఇందులో సడలింపు లేదు. రూల్ ప్రకారం ముందు తప్పుకోవాల్సింది ఆ ఓడే, మీ నాన్నగారు కాదు.

సరంగుగారబ్బాయి (11:40)
తప్పుకోకపోతే ఇప్పుడు ఇది రాసేవాణ్ణి కాదు

మాజీ_నావికుడు (11:58)
ఆ రాత్రి బోటు మీద పైన పచ్చ, కింద తెలుపు ఉన్నాయా?

సరంగుగారబ్బాయి (12:10)
పచ్చది ఉంది. తెల్లది ఇంజిన్ అదురుకి వదులై ఆరుతూ వెలుగుతూ ఉంది. ఇదిగో, దొరికిందిగా మీకు.

మాజీ_నావికుడు (12:31)
దొరకడానికి అడగలేదు తమ్ముడూ. నేను బ్రిడ్జి మీంచి కిందికి చూస్తున్నప్పుడు ఏం కనపడేదో ఊహించుకుంటున్నా. ఒట్టి పచ్చ కనపడిందనుకో, ఏదో ఓడ కుడిపక్క అనుకుంటాం. వల అని తట్టదు. కాగితం కాపీ ఉందా ఇంకా?

సరంగుగారబ్బాయి (12:33)
ఉంది. తడిసింది కానీ చదవొచ్చు.

బీచ్‌రోడ్_వాకర్ (ఉదయం 6:50)
టైటిల్ మార్చాలా వద్దా ఇంతకీ?