సీ-పెప్టైడ్ నార్మల్ రేంజ్‌లోనే ఉంది, మరి డాక్టర్ ఇన్సులిన్ తక్కువ అని ఎందుకంటున్నరు?

కరీంనగర్_అక్క:
అందరికి నమస్తే. మా తమ్ముడికి 31 ఏండ్లు, 57 కిలోలే ఉంటడు, పొట్ట కూడ లేదు. మొన్న ఆఫీస్ హెల్త్ చెకప్‌ల షుగర్ బయటపడ్డది, పరగడుపున 224, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 10.4. ఆర్నెల్ల సంది బరువు తగ్గుతుండు, రాత్రిపూట ఊకె మూత్రానికి లేస్తుండు, పని ఒత్తిడి అనుకున్నం. డాక్టర్ మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు రాసి సీ-పెప్టైడ్ అని రక్తపరీక్ష చేయించమన్నరు. రిపోర్ట్‌ల 1.1 వచ్చింది, పక్కన రేంజ్ 0.8 నుంచి 3.9 అని ఉంది, అంటే నార్మలే కదా? కాని డాక్టర్ అది చూసి ఇతనికి ఇన్సులిన్ తయారయ్యుడే తక్కువుంది, ఇప్పటికైతే ఇన్సులిన్ మొదలుపెడదాం అన్నరు. ఓపీల జనం బాగుండె, ఎక్కువ అడగలేకపోయినం. చుట్టాలేమో ఒక్కసారి ఇన్సులిన్ మొదలైతే ఇగ జన్మంత అదే అని భయపెడుతున్నరు, వాడు సూది ముట్టనంటుండు. తెలిసినోళ్లు జర చెప్పండి.

బీటాసెల్_భీమవరం:
అక్కా, మీ డాక్టర్ గారు చెప్పింది కరెక్టే. నేను డాక్టర్ని కాదు, హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీ రీసెర్చ్ చేస్తున్నా, ఇన్సులిన్ విడుదల మీదే మా పని కాబట్టి కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

సీ-పెప్టైడ్ అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యేటప్పుడు దాంతోపాటే వచ్చే ముక్క, సొంత ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెబుతుంది. ఆ నంబర్‌ని అదే రక్తంలో ఉన్న గ్లూకోజ్ పక్కన పెట్టుకుని చదవాలి. ల్యాబ్ వాళ్లు వేసే రేంజ్ షుగర్ లేనివాళ్లది, పరగడుపున 80, 90 ఉండేవాళ్లది. 90 దగ్గర 1.1 వస్తే ఇబ్బందేం లేదు. 224 దగ్గర కూడా 1.1 మాత్రమే వచ్చిందంటే, అంత గ్లూకోజ్ కళ్ల ముందున్నా పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు కదలట్లేదని అర్థం. ఆరోగ్యంగా ఉన్న బీటా కణం ఆ టైంలో చాలా ఎక్కువ వదలాలి.

అసలు అది ఎలా వదులుతుందంటే, గ్లూకోజ్ కణంలోకి వెళ్లాక గ్లూకోకైనేజ్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకుంటుంది, తర్వాత అది మైటోకాండ్రియాలో ఖర్చయ్యి కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది, ఏటీపీ పెరిగేసరికి కణం పొర మీదున్న పొటాషియం ఛానల్ మూసుకుపోతుంది, దాంతో వోల్టేజ్ మారి కాల్షియం లోపలికి వస్తుంది, కాల్షియం రాగానే లోపల దాచిపెట్టుకున్న ఇన్సులిన్ బయటికి పోతుంది. గ్లూకోజ్ ఇస్తే ఆ ఛానల్ మూసుకుంటుందని 1984లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రాన్సెస్ యాష్‌క్రాఫ్ట్ వాళ్లు చూపించారు. మీ తమ్ముడికి రాసిన గ్లిమిపిరైడ్ కూడా గ్లూకోజ్‌తో పనిలేకుండా నేరుగా వెళ్లి అదే ఛానల్‌ని మూస్తుంది. ఈ కథంతా నడిపే ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి వేరు చేసింది మా భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, ఈ మాట ఎప్పుడు రాసినా నాకు గర్వంగానే ఉంటుంది.

మరి ఇన్సులిన్నే కొలవొచ్చుగా అంటే, పాంక్రియాస్ నుంచి వచ్చిన ఇన్సులిన్‌లో దాదాపు సగం లివర్ దగ్గరే ఆగిపోతుంది. 1967లో షికాగోలో డొనాల్డ్ స్టైనర్ ప్రోఇన్సులిన్‌ని కనిపెట్టారు, అది తెగినప్పుడు ఒక ఇన్సులిన్‌కి ఒక సీ-పెప్టైడ్ చొప్పున వస్తుంది. సీ-పెప్టైడ్‌ని లివర్ పెద్దగా పట్టుకోదు, రక్తంలో ఎక్కువసేపు ఉంటుంది. పైగా ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో సీ-పెప్టైడ్ ఉండదు, సూది వేసుకుంటున్నా సొంత తయారీ ఎంతో తెలుస్తుంది.

ఇప్పుడు మీ చుట్టాల భయం. షుగర్ చాలాకాలం ఎక్కువుంటే ఆ షుగరే బీటా కణాల్ని మొద్దుబారుస్తుంది, కాబట్టి ఈ 1.1లో కొంత భాగం తాత్కాలికం కావచ్చు. 2008లో చైనా స్టడీ ఒకటి లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చింది, కొత్తగా టైప్ 2 తేలిన 382 మందికి మొదట్లోనే గట్టిగా చికిత్స ఇచ్చి, షుగర్ నార్మల్ అయ్యాక రెండు వారాలు అలాగే నిలబెట్టి మందులన్నీ ఆపేశారు. ఏడాది తర్వాత మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉన్నవాళ్లు ఇన్సులిన్ పంప్ గ్రూపులో 51 శాతం, రోజుకి చాలాసార్లు ఇంజెక్షన్ తీసుకున్న గ్రూపులో 45, మాత్రల గ్రూపులో 27. ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్లంతా జన్మంతా వాడలేదుగా. మీ తమ్ముడికీ అలాగే ఆగుతుందని నేను చెప్పలేను, ముందు అతనిది ఏ రకమో తేలాలి.

గుంటూరు_ప్రసాద్:
అమ్మా, నేను బరువు బాగా తగ్గి మాత్రలు మానేసినవాణ్ణి. బ్రిటన్‌లో డైరెక్ట్ అని స్టడీ చేశారు, రోజుకి దాదాపు 850 కేలరీలే పెట్టి ఏడాదికి 46 శాతం మందికి షుగర్ వెనక్కి తెచ్చారు. ఇన్సులిన్ దాకా పోకుండా ముందు అన్నం మానిపించి చూడండి.

పుణె_తెలుగమ్మాయి:
ప్రసాద్ గారూ, మీకు తగ్గినందుకు నిజంగా సంతోషం, కానీ ఆ సలహా ఈ అబ్బాయికి ప్రమాదం. డైరెక్ట్‌లో తీసుకుంది బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు లెక్క, 27 పైన ఉన్నవాళ్లని, అప్పటికే ఇన్సులిన్ వాడేవాళ్లని తీసుకోలేదు. లివర్‌లో, పాంక్రియాస్‌లో పేరుకున్న కొవ్వు కరిగాక బీటా కణాలు కోలుకున్నాయి. ఈ అబ్బాయి తినీ తినకా కాదు, ఇన్సులిన్ చాలక బరువు తగ్గుతున్నాడు, తిండి ఇంకా తగ్గిస్తే ఒళ్లు కరిగిపోతుంది.

అక్కా, సన్నగా ఉన్నవాళ్లకి షుగరేంటి అనే మాట మన దగ్గర అస్సలు చెల్లదు. ఇక్కడ పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ గారు తనూ, లండన్‌లో యుడ్కిన్ అనే డాక్టరూ కలిసి దిగిన ఫోటో 2004లో లాన్సెట్‌లో వేశారు, ఇద్దరి బీఎంఐ 22.3, ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్ గారికి 21.2. ఇంకోటి, చెన్నై డాక్టర్ మోహన్ గారి టీమ్ 2020లో 19 వేల మంది పైచిలుకు టైప్ 2 వాళ్లని నాలుగు గుంపులుగా విడదీస్తే 26 శాతం మందిలో ప్రధానంగా ఇన్సులిన్ కొరతే కనిపించింది, చిన్న వయసు, సన్నటి ఒళ్లు.

టైప్ 1 షుగరేమో చూసే గాడ్ (GAD) యాంటీబాడీ రక్తపరీక్ష చేయించారా? లేకపోతే డాక్టర్ని అడగండి, 31లో కూడా టైప్ 1 నెమ్మదిగా మొదలవ్వొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం లాంటివి వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు, వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లి, ఇన్సులిన్ బాగా చాలనప్పుడు రక్తంలో పెరిగే కీటోన్లు చూపించండి.

బెజవాడ_అమ్మ:
మా పాపకి రెండో నెలలోనే షుగర్ వచ్చింది, రోజూ ఆ చిన్న తొడకి సూది వేస్తుంటే నా ప్రాణం పోయేది. మా పిల్లల డాక్టర్ గారు ఆర్నెల్ల లోపు షుగర్ వస్తే జీన్ టెస్ట్ చేయాల్సిందే అని చెన్నై మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్‌కి శాంపిల్ పంపించారు. పైన భీమవరం తమ్ముడు రాసిన పొటాషియం ఛానల్ ఉంది చూడండి, దాని జీన్‌లోనే తేడా అట, ఛానల్ మూసుకోదట. ఆసుపత్రిలో ఉంచి మెల్లగా ఆ ఛానల్‌ని మూసే గ్లిబెన్‌క్లమైడ్ మాత్రకి మార్చారు, ఇప్పుడు స్కూల్‌కి వెళ్తోంది, ఇన్సులిన్ లేదు. 2006లో ఇలాంటివాళ్లు 49 మందికి ప్రయత్నిస్తే 44 మందికి ఇన్సులిన్ ఆగిందని డాక్టర్ గారు చూపించారు. ఎక్కడో ల్యాబ్‌లో ఎలుక కణాల మీద చేసిన పని నా బిడ్డ దాకా వచ్చింది, వాళ్లకి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదు. మీ ఇంట్లో చిన్న వయసులో షుగర్ వచ్చినవాళ్లు ఉన్నారా అక్కా?

కరీంనగర్_అక్క:
అందరికి చాన థాంక్స్, తమ్మునికి మొత్తం చదివి వినిపించిన. గాడ్ చేయలేదు, రేపు అడుగుతం. మా నాన్నకి 29కే వచ్చింది, మా తాతకి కూడ చిన్నప్పుడే అంటరు, ఇద్దరు సన్నగనే ఉండేటోళ్లు. ఇది డాక్టర్‌కి చెప్పలేదు.

బీటాసెల్_భీమవరం:
తప్పకుండా చెప్పండి, వయసులతో సహా. మూడు తరాల్లో చిన్న వయసులో, సన్నటివాళ్లకి వచ్చిందంటే మోడీ (MODY) అనే, ఒకే జీన్‌లో తేడాతో వచ్చే షుగర్ రకం కూడా ఆలోచిస్తారు, అందులో కొన్నిటికి గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు చాలా బాగా పనిచేస్తాయి. గాడ్ నెగెటివ్ వస్తేనే ఆ దారి. ఈలోపు డాక్టర్ చెప్పిన ఇన్సులిన్ మొదలుపెట్టనివ్వండి, రిపోర్టుల కోసం ఆపొద్దు. షుగర్ దిగాక సీ-పెప్టైడ్ మళ్లీ చేయిస్తారేమో అడగండి, చేయిస్తే గ్లూకోజ్ కూడా అదే సూదికి తీయమని ల్యాబ్‌లో ముందే చెప్పండి, ఒకసారి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూడమనండి, ఎందుకంటే కిడ్నీ సరిగ్గా లేకపోతే సీ-పెప్టైడ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.