రేసు కారు మీద సిగరెట్ కంపెనీ పేరు మళ్ళీ రానివ్వాలా?

మూడో గేర్ (వేళచ్చేరి):
మొన్న ఆదివారం చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ బయట టీ తాగుతూ మా వాళ్ళతో వాదన పెట్టుకున్నాను. మా తమ్ముడు కార్టింగ్, అంటే చిన్న రేసు బండ్ల పోటీలు, చేస్తాడు. టైర్ల ఖర్చుకే ఇంట్లో గొడవ, స్పాన్సర్ దొరకడు. సిగరెట్ కంపెనీలను రానిస్తే తప్పేంటి? 1968లో ఫార్ములా వన్‌లో లోటస్ టీమ్ కారు గోల్డ్ లీఫ్ సిగరెట్ రంగుల్లో దిగింది. తర్వాత నలుపు-బంగారు జాన్ ప్లేయర్, ఎరుపు-తెలుపు మార్ల్‌బరో మెక్‌లారెన్. రేసర్ సెన్నా కారంటే కళ్ళ ముందు ఆ రంగులే కదా. ఆట పెరిగింది ఆ డబ్బుతోనే. కొట్లో అమ్మితే తప్పులేనిది, కారు మీద రాస్తే తప్పా?

పల్లావరం బుల్లెట్:
కరెక్ట్ అన్నా. గుంటూరులో పొగాకు బోర్డు పెట్టింది కేంద్రమే, పన్ను వసూలు చేసేదీ కేంద్రమే. రేసుల దగ్గరికొచ్చేసరికి వద్దంటారు. రైతుల సంగతేంటి?

కందుకూరు అబ్బాయి (పెరంబూర్):
తమ్ముళ్ళూ, మాది పొగాకు పండించే ఇల్లే. ఆకు కాల్చే బ్యారన్ (కొట్టం) దగ్గర రాత్రుళ్ళు మంట చూసుకుంటూ పెరిగాను. ఆకు పసుపు తిరిగే వేళ వేడి కాస్త అటూ ఇటూ అయితే వేలంలో రేటు పడిపోతుంది. రైతుకు కావాల్సింది ఆ రేటు. కారు మీద బొమ్మ ఉంటే మా నాన్నకు కిలోకు రూపాయి ఎక్కువ వచ్చేది కాదు.

మూడో గేర్, 1968 అన్నావు కదా, దాని ముందు ఏం జరిగిందో చూడు. బ్రిటన్‌లో 1965లో టీవీలో సిగరెట్ ప్రకటనలు ఆపేశారు. 1968లో బయటి కంపెనీల పేర్లు కార్ల మీద రాసుకోవచ్చనగానే ముందు దిగింది సిగరెట్ వాళ్ళే. అమెరికాలో 1971 జనవరిలో టీవీ, రేడియో రెండూ మూసుకుపోయాయి. అదే ఏడు అక్కడి కార్ రేసుల సిరీస్ నాస్కార్‌కు విన్‌స్టన్ అనే సిగరెట్ పేరు వచ్చింది. ఇది దొడ్డిదారి కాక మరేంటి? రేసు మొత్తం టీవీలో తిరిగే బోర్డు దొరికింది వాళ్ళకి.

ఇంకోటి. ఫెరారీ కారు మీద మార్ల్‌బరో పేరు తీసేసి బార్‌కోడ్ గీతలు వేశారు. గోల రేగాక 2010లో అవీ తీసేశారు. అక్షరం లేని ఆ గీతలు చూసి ఏ బ్రాండో మనందరం చెప్పేవాళ్ళం. నేను జన్మలో సిగరెట్ ముట్టలేదు, నేనూ చెప్పేవాణ్ణి. అంత లోపలికి ఎక్కింది.

మా మేనమామకు అడయార్ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ముప్పై ఏళ్ళు సిగరెట్లు కాల్చాడు. ఇప్పుడు మాట్లాడాలంటే మెడ మీది రంధ్రాన్ని బొటనవేలితో మూసుకోవాలి. మొన్న నన్ను "తిన్నావా" అని అడగడానికి మూడుసార్లు వేలు పెట్టి తీశాడు.

డబ్బు వేరే చోటి నుంచీ వస్తుంది. మన రేసర్ నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ జోర్డాన్ టీమ్‌లోకి వెళ్ళినప్పుడు వెనక నిలబడింది టాటాలు. 2011లో నోయిడా గ్రాండ్ ప్రీకి ఎయిర్‌టెల్ పేరు. మన దగ్గర రేసుల్ని ఇన్నేళ్ళూ మోస్తున్నది ఎమ్మారెఫ్, జేకే లాంటి టైర్ల కంపెనీలే.

మూడో గేర్:
మీ మామయ్య సంగతి చదివి మనసు పాడైందన్నా. కానీ ఈమధ్య మెక్‌లారెన్ మీద వెలో అని నికోటిన్ పౌచ్ (పెదవి కింద పెట్టుకునే చిన్న సంచి) పేరు వచ్చింది. అందులో పొగ లేదు కదా, దానికేమంటావు?

కందుకూరు అబ్బాయి:
పొగ లేదు, నికోటిన్ ఉంది. మన దేశంలో 2016-17 సర్వే ప్రకారం పెద్దవాళ్ళలో 28.6 శాతం మంది పొగాకు వాడుతున్నారు. అందులో ఎక్కువమంది నమిలేవాళ్ళు. పొగ లేదు కాబట్టి పర్వాలేదనే మాట ఇక్కడ ఎంతమందిని ముంచిందో చూడు. ఏలకుల ప్రకటనంటూ తమ బ్రాండ్ పేరే చూపించే పాన్ మసాలా వాళ్ళదీ ఇదే దొడ్డిదారి. మన 2003 పొగాకు చట్టం సెక్షన్ 5 స్పాన్సర్‌షిప్ కూడా వద్దంది, కానీ మొదటిసారి దొరికితే జైలు, లేదంటే 1000 రూపాయల లోపు జరిమానా. ఆ కంపెనీలకు వెయ్యి ఏపాటి? నిషేధం ఎత్తేయమని కాదు, ఆ జరిమానా పెంచమని అడగాలి మనం.

మీ తమ్ముడి రేసు ఫలితాలు, ఫొటోలు నాకు పంపు. శ్రీపెరుంబుదూర్ చుట్టూ కార్ల విడిభాగాలు చేసే కంపెనీలు బోలెడున్నాయి. శనివారం నాకు సెలవు, ఇద్దరం వెళ్ళి అడుగుదాం.